ఘూకాక్షుడి తోటకు పటం

ధూమ్రగిరి శిఖరం మీద గడ్డిపోచ కూడా మొలవదు. ఉన్నదల్లా కాటుక రంగు రాళ్ళు, ఆ రాళ్ళ నడుమ నల్లని కోట, కోట ముందు వరసగా పాతిన ఏడు దిష్టిబొమ్మలు. వాటికి బోర్లించిన కుండలే తలలు, వెదురు కర్రలే చేతులు. గాలి వీచినప్పుడల్లా ఆ ఏడూ ఒక్క గొంతుతో "అయ్యో, అయ్యో" అని మూలుగుతాయి.

ఆ ఉదయం సామాను మోస్తున్న గుర్రాన్ని నడిపించుకుంటూ కొండెక్కిన ఇద్దరూ ఆ మూలుగు విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇద్దరిలో పొడగరి పేరు పున్నాగుడు. మరకతపురి రాజ్యంలో పేరుమోసిన ఉద్యానశిల్పి. మొక్క నాటడం తోటమాలి పని. ఏ మొక్క ఎక్కడ ఉండాలో, ఎందుకు ఉండాలో ముందుగా ఆలోచించి, నేలంతా కొలిచి, బట్ట మీద పటం గీయడం ఉద్యానశిల్పి పని. రెండోవాడు అతని కొలతగాడు వీరన్న. భుజాన కొలత తాడు, కళ్ళదాకా దించిన తలపాగా, మాటిమాటికీ వేలితో నొక్కుకునే మీసం. ఆ మీసం జిగురుతో అంటించింది. ఆ వీరన్న నిజానికి భద్రసేన మహారాజు ఒక్కగానొక్క కూతురు మృణాళిని.

వాళ్ళు వచ్చిన పని తోట కాదు, నది. ఏడాది కిందట మరకతపురికి ప్రాణాధారమైన పయస్వినీ నది ఒక్క పూటలో మాయమైపోయింది. పొలాలు నెర్రెలు విచ్చాయి. దానిని దొంగిలించినవాడు ధూమ్రగిరి మీది ఘూకాక్షుడనే మాంత్రికుడని తెలిసి, మహారాజు సైన్యాన్ని పంపించాడు. సైన్యం తిరిగి వచ్చింది కాని, సేనాపతి మాత్రం ఈనాటికీ తెల్లవారగానే గోడెక్కి కోడిలా కూస్తున్నాడు. ఇంతలో ఆ మాంత్రికుడే తన కొండ మీద తోట వెయ్యడానికి శిల్పి కావాలని నాలుగు దిక్కులా చాటింపు వేయించాడు. కొండ మీదికి పోవడానికి అంతకు మించిన దారి మరొకటి దొరకలేదు.

కోట తలుపులు కిర్రుమని తెరుచుకున్నాయి. గుడ్లగూబ ఈకల దుప్పటి కప్పుకుని, పళ్ళేలంత కళ్ళు తిప్పుతూ ఘూకాక్షుడు బయటికి వచ్చాడు. అతని వేలికి పావురం గుడ్డంత నీలపు ఉంగరం ధగధగ మెరుస్తోంది.

"ఒరే మానవా! తోటలు గీసేవాడివి నువ్వేనా?"

"చిత్తం, ఏలినవారూ. వీడు నా కొలతగాడు. ఒరే వీరా, దొరవారికి దండం పెట్టు."

రాకుమారి పళ్ళు కొరుకుతూనే దండం పెట్టింది.

"ఈ బొమ్మలేమిటి దొరా?" అని పున్నాగుడు అడిగాడు.

"నీకంటే ముందు వచ్చిన శిల్పులు! ఏడుగురూ ఉద్దండులే. అదిగో, ఆ మొదటివాడు వచ్చీరాగానే సాక్షాత్తూ ఇంద్రుడి నందనవనం గీశాడు. ఉంగరంతో ముద్ర వేశాను. కోటి పూలు ఒక్కసారి పూశాయి. నాకు తుమ్ములు పట్టుకున్నాయి. మూడు రోజులు తుమ్మి తుమ్మి, నోట మంత్రం తప్పి, తోటంతా బూడిదైంది. ఆ నాలుగోవాడు పటంలో తనను గీసుకున్నాడు కాని వంటిల్లు గీయడం మరిచాడు. నా ముద్ర పడిన పటంలో ఏముందో అది నేల మీద లేస్తుంది. ఏది లేదో అది నేల మీంచి అంతరించిపోతుంది. మంత్రం వేసిన నాకు తప్ప ఎవరికీ, దేనికీ మినహాయింపు లేదు. నా వంటిల్లు గాలిలో కలిసిపోయి, మళ్ళీ కట్టుకునేదాకా చేమదుంపలు కాల్చుకు తిన్నాను!"

"మంత్రం తమ దగ్గరే ఉందిగా. పటం కూడా తమరే గీసుకోవచ్చు కదా?"

ఘూకాక్షుడు మొహం తిప్పుకున్నాడు. "గీశాను. చెరువు పడకగదిలో లేచింది."

మీసం కింద రాకుమారికి నవ్వు ఆగలేదు. దగ్గు నటించింది.

"గడువు పదిహేను రోజులు. తోట నాకు నచ్చితే ప్రాణాలతో దిగిపోతారు. నచ్చకపోతే ఎనిమిదో బొమ్మకూ తొమ్మిదో బొమ్మకూ గుంటలు తవ్వించి ఉంచాను. ఊఁ, గీయి!"

పున్నాగుడు కుంచె తీయలేదు. నింపాదిగా చాప పరిచి దాని మీద కూర్చున్నాడు. "గీసే ముందు అడగాలి దొరా. తమరు ఎన్ని గంటలకు లేస్తారు?"

"ఏమిటి?"

"లేచాక మొదట ఎటు చూస్తారు? ఏ వాసన పడదు? మెట్లు ఎక్కితే మోకాళ్ళు నొప్పి పెడతాయా? ఎవరైనా చుట్టాలు వస్తుంటారా, ఒంటరిగానే తిరుగుతారా?"

"నన్నేమన్నా పెళ్ళికొడుకుననుకున్నావా, ఇన్ని ఆరాలు!" అని మాంత్రికుడు గద్దించాడు. అయినా చెప్పుకొచ్చాడు. మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకేదాకా నిద్రపోతాడట. ఎండ కళ్ళలో పడకూడదట. మెట్లంటే మోకాళ్ళు మొరాయిస్తాయట. తరవాత కోరికల చిట్టా విప్పాడు. బంగారు చెట్లు కావాలి. దయ్యాలకు ఉయ్యాల కావాలి. కోట చుట్టూ అగడ్త కావాలి, అందులో ఐదు మొసళ్ళు కావాలి. రెండు రోజులు అలా చెబుతూనే ఉన్నాడు. పున్నాగుడు అన్నీ తాటాకు మీద రాసుకున్నాడు, దేనికీ కాదనలేదు.

మూడో రోజు ఉదయం, మాట మధ్యలో, "దొరా, చిన్నప్పుడు ఎక్కడ ఆడుకునేవారు?" అన్నాడు.

ఘూకాక్షుడి పెద్ద కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి.

"మా అమ్మ పెరట్లో" అన్నాడు. "గిలకబావి ఉండేది. పక్కన గోంగూర మడి. కరివేపాకు చెట్టు కింద నులకమంచం. అక్కడ పడుకుంటే ఆకుల నీడ మొహం మీద ఆడుతుండేది. అమ్మ పిలిచినా లేచేవాణ్ణి కాదు." అంతలోనే కొరడా ఝళిపించినట్టు గొంతు మార్చాడు. "ఈ మాట ఎవడికైనా చెప్పావో, నాలుక కప్పనాలుక చేసేస్తాను!"

పున్నాగుడు తాటాకు మీద బంగారు చెట్లూ, దయ్యాల ఉయ్యాలా కొట్టేసి, కింద ఒక్క వాక్యం రాశాడు: 'అలసి వచ్చినవాడు చెప్పులు విడిచే చోటు.'

"ఇదేమిటి?" అని రాకుమారి చాటుగా అడిగింది.

"తోటకు ప్రాణం ఇదే రాకుమారీ. ఇక గీసే ప్రతి గీతా ఈ మాటకు ఊడిగం చెయ్యాలి. చెయ్యని గీతను చెరిపెయ్యాలి."

"బాగుంది. మరి ఆ 'ఒరే'లు కూడా చెరిపేస్తావా?"

"అవి కొలతగాడికి. తమరికి కాదుగా!"

మర్నాటి నుంచి కొలతలు మొదలయ్యాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంకాలం నీడ ఎక్కడ పడుతుందో అక్కడ మేకు పాతారు. పుల్లకు దూదిపింజ కట్టి గాలి ఎటు తోస్తోందో చూశారు. పిడికెడు మన్ను తడిపి ఉండ చేసి, అది పగులుతుందో నిలుస్తుందో చూశారు. రాళ్ళను ఎత్తి చూస్తే వాటి కింద మంచి ఎర్రమన్ను ఉంది. కొండ బోడిదే కాని గొడ్డుది కాదని పున్నాగుడు తేల్చాడు. చివరికి కోట గుమ్మంలో కడవెడు నీళ్ళు ఒలకబోసి, ఆ నీళ్ళ వెంట పరుగెత్తారు. నీళ్ళు వంకరలు తిరుగుతూ ఈశాన్య మూలకు పోయి ఆగాయి.

ఆ మూలన ఏనుగంత నల్లబండ ఉంది. దాని చుట్టూ ముళ్ళపొద.

"ఆగండి!" అని కోట మీంచి ఘూకాక్షుడు అరిచాడు. "ఆ మూల కొలవొద్దు. తాడు దాని మీద పడిందో, ఇద్దరూ దిష్టిబొమ్మలే!"

"చిత్తం దొరా! కొలవం, గీయం!" అని పున్నాగుడు వంగి వంగి దండాలు పెట్టాడు.

మధ్యాహ్నమైంది. మాంత్రికుడి గురకకు కోట గోడల సున్నం రాలుతోంది. ఇద్దరూ పిల్లుల్లా నడిచి బండ దగ్గరికి చేరారు. కొండ మొత్తం మీద ఆ బండ అంచున మాత్రమే వేలెడు పచ్చగడ్డి ఉంది. చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరి, తడి నేల వదిలి మెరకకు పోతున్నాయి. రాకుమారి ముళ్ళు గీరుకుంటున్నా లెక్కచెయ్యకుండా నేలకు చెవి ఆనించింది. చూస్తుండగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పయస్విని! పున్నాగా, నది ఇక్కడే ఉంది. హోరు వినిపిస్తోంది. రేవులో పడవ ఎక్కితే ఎలా వినిపించేదో అలాగే ఉంది."

"తన పగటి నిద్రకు ఆ హోరు అడ్డమని బండ కింద బంధించి ఉంటాడు."

రాకుమారి బండ మీద భుజం మోపి తోసింది. పున్నాగుడూ తోశాడు. బండ గింజంత కూడా కదలలేదు సరికదా, దాని మీద చెక్కిన గుడ్లగూబ బొమ్మ కన్ను తెరిచి వాళ్ళ వంక చూసింది! ఇద్దరూ ఒక్క గంతులో ముళ్ళపొద దాటి, గుర్రం చాటుకు పోయి పడ్డారు.

"చేతులతో ఇది కదలదు" అని పున్నాగుడు ఆయాసపడుతూ అన్నాడు. "కదల్చగలిగింది వాడి ఉంగరం ఒక్కటే. వాడి చేతే కదిలిద్దాం."

"వాడెందుకు కదిలిస్తాడు?"

"పటంలో ఏది లేదో అది నేల మీంచి అంతరించిపోతుందన్నాడు. నది నేల కింద ఉంది, దానికేమీ కాదు. ఆ మూల కొలవొద్దని కూడా వాడే అన్నాడు. కొలవనిది ఎలా గీస్తాం!"

రాకుమారి మీసం ఊడి పడేటట్టు నవ్వింది.

తొమ్మిదో నాడు పున్నాగుడు సభామండపం నేల మీద ముగ్గుపిండితో పెద్ద పెద్ద సున్నాలు చుట్టాడు. ఒక సున్నా నిద్రకు, ఒకటి కూరమడికి, ఒకటి నీళ్ళకు, ఒకటి ఊరికే కూర్చోవడానికి. సున్నాకూ సున్నాకూ మధ్య నడిచే దారులు చుక్కలతో కలిపాడు.

"నేను తోట అడిగితే ముగ్గులు పెడతావేమిటిరా?" అంటూ ఘూకాక్షుడు వచ్చాడు.

"ఏది దేని పక్కన ఉండాలో ముందు తేలాలి దొరా. చెట్ల మాట తరవాత. ఈ చుక్కల మీద నడిచి చూడండి."

మాంత్రికుడు నడిచాడు. "మంచం నుంచి బావికి ఇంత దూరమా? దాహం వేస్తే చచ్చిపోనా?" పున్నాగుడు సున్నా చెరిపి దగ్గరికి జరిపాడు. "గోంగూర మడి గుమ్మంలోకి కనిపించాలి." జరిపాడు. "కాదు, మంచం నుంచి కనిపించాలి." మళ్ళీ జరిపాడు. సాయంకాలానికి మాంత్రికుడే మోకాళ్ళ మీద పాకుతూ, దుప్పటి నిండా ముగ్గుపిండి పూసుకుని, సున్నాలు చెరిపి చుడుతున్నాడు. ఆ రోజు పగటి నిద్ర సంగతే మరిచిపోయాడు.

తరవాత పున్నాగుడు మూడు తీరులుగా చిత్తు పటాలు గీసి చూపించాడు. ఘూకాక్షుడు మొదటిది బాగుందన్నాడు, రెండోది ఇంకా బాగుందన్నాడు, మూడోది చూసి గంతేశాడు. ఆఖరుకు మూడూ కావాలన్నాడు. మొదటి దాని దారి, రెండో దాని నీడ, మూడో దాని బావి కలిపి ఒకటి చెయ్యడానికి పున్నాగుడికి నాలుగు రోజులూ, బోలెడు ఓర్పూ పట్టింది.

పదిహేనో నాడు అసలు పటం సిద్ధమైంది. తెల్లని బట్ట మీద జానకు నూరు మూరల చొప్పున కొలత తప్పకుండా, గోడ ఎక్కడ, అరుగు ఎక్కడ, ఏ చెట్టు ఎదిగితే ఎంత నీడ పరుస్తుందో అంతా సన్నని గీతలతో ఉంది. పక్కన మొక్కల పేర్లు. తుమ్ములు తెప్పించేది ఒక్కటీ లేదు. మెట్లకు బదులు ఏటవాలు బాటలు. వంటిల్లు రెండుసార్లు సరిచూసి మరీ గీశాడు. దిష్టిబొమ్మలు ఉన్నచోట ఏడు చిన్న బొమ్మలు వేసి, పక్కన 'తోటమాలులు ఏడుగురు, ఆరోగ్యవంతులు' అని రాశాడు. ఈశాన్య మూల మాత్రం ఉతికిన బట్టలా తెల్లగా ఉంది.

ఘూకాక్షుడు పటం చూశాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"నా తోట ఇంతేనా? తుండుగుడ్డంత!"

"ఇది కొలతకు కుదించినది దొరా." పున్నాగుడు నేల మీద పోతున్న చీమను పట్టి పటం మీద వదిలాడు. "తమరు ఈ చీమంత అనుకోండి."

"ఏమిటీ! నేను చీమనా?" మండపం కంపించింది. ఉంగరం నుంచి నిప్పురవ్వలు రాలాయి. పున్నాగుడి పాదాలు అప్పటికే వెదురులా బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

"దొరా, దొరా!" అంటూ మృణాళిని అడ్డం వచ్చింది. "అది ఎటు పోతోందో చూడండి!"

చీమ బాట వెంట నడిచి, అరుగు దాటి, కరివేపాకు చెట్టు గుర్తు కింద మంచం మీద ఆగింది. అక్కడ ఎవరో తేనెచుక్క రాసినట్టున్నారు. ఘూకాక్షుడు వంగి చూశాడు. "మంచం చేరింది! దారి తప్పలేదు!" అన్నాడు పసివాడిలా. పున్నాగుడి పాదాల్లోకి మళ్ళీ నెత్తురు పారింది.

"ఈ మూల ఖాళీగా ఉందేం?"

పున్నాగుడు తొణకలేదు. "కొలవొద్దని తమరే ఆజ్ఞాపించారు. తమ ఆజ్ఞ మీరతానా? దానికేంగాని దొరా, అగడ్తలో మొసళ్ళు మూడు గీశాను. ఐదు కావాలన్నారు, కాని ఐదైతే ఒకదాన్నొకటి తింటాయి."

"ఐదు! ఐదే ఉండాలి!"

"నాలుగు చేద్దాం దొరా."

"ఐదంటే ఐదు! గీయి!" మొసళ్ళ గొడవలో మాంత్రికుడు మూల సంగతి పూర్తిగా మరిచాడు. ఐదో మొసలికి తోక పడగానే ఉంగరం ఉన్న పిడికిలి పైకెత్తి మంత్రం అందుకున్నాడు.

అప్పుడు మృణాళిని పటమంతా ఒకసారి వెతికింది. పున్నాగుడి చెవిలో, "పటంలో మనం లేం!" అంది.

పదిహేను రోజులు చెట్టుచెట్టూ లెక్కపెట్టినవాడు తనను తాను గీసుకోవడం మరిచాడు! పిడికిలి దిగుతోంది. రాకుమారి కుంచె లాక్కుని, ముద్ర పడేలోగా ద్వారం పక్కన టక, టక, టక మూడు చుక్కలు పెట్టి, గజిబిజిగా 'ఇద్దరు, గుర్రం' అని గెలికేసింది.

"అదేమిటది?"

"సిరా ఒలికింది దొరా!"

ముద్ర పడింది.

కొండ ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలింది. నల్లరాళ్ళు దొర్లిపోయి ఎర్రమన్ను పొంగింది. చాప చుట్ట విప్పినట్టు బాటలు పరుచుకున్నాయి. వేపలు, కానుగలు, పొగడలు నేలను చీల్చుకుని లేచి నీడలు పరిచాయి. గిలకబావి కిలకిలమంది. కుండ తలలు పగిలి ఏడుగురు వృద్ధ శిల్పులు తుమ్ముతూ బయటపడ్డారు. అగడ్తలో ఐదు మొసళ్ళు దిగీదిగగానే తగువు మొదలుపెట్టాయి. పున్నాగుడు, మృణాళిని, గుర్రం ఏదో చెయ్యి ఎత్తి పెట్టినట్టు ద్వారం పక్కన, సరిగ్గా చుక్కలు పెట్టిన చోట పడ్డారు.

ఘూకాక్షుడు ఎవరినీ చూడలేదు. మెల్లగా నడిచి వెళ్ళి, చెప్పులు విడిచి, కరివేపాకు చెట్టు కింద నులకమంచం మీద పడుకున్నాడు. ఆకుల నీడ మొహం మీద ఆడింది. ఆ పళ్ళేలంత కళ్ళ నుంచి బొటబొటా నీళ్ళు కారాయి.

ఏడుగురు శిల్పులూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, ఈశాన్యం నుంచి వెయ్యి శంఖాలు ఊదినట్టు హోరు లేచింది. నల్లబండ ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటు నుంచి పయస్విని తాటిచెట్టు ఎత్తున ఎగసి, కొండ వాలు వెంట మరకతపురి వైపు ఉరికింది.

మాంత్రికుడు మంచం మీంచి దిగ్గున లేచాడు. "నా నిద్ర! ఒరే ద్రోహీ!" అతని దుప్పటి రెక్కలైంది, గోళ్ళు కొడవళ్ళయ్యాయి. ఇంటంత గుడ్లగూబ గాలిలోకి లేచి, ఒక్క వాలులో పున్నాగుణ్ణి నడుము పట్టి ఎత్తుకుంది. రాకుమారి గుర్రం మీది సామానులో దాచిన కత్తి దూసి ఎగిరి కొట్టింది. ఒక ఈక మాత్రం తెగి పడింది.

"నిన్ను చంపేవాణ్ణే!" అని గుడ్లగూబ అరిచింది. "కాని ఇంత మంచి తోట గీసినవాణ్ణి చంపడానికి మనసొప్పడం లేదు. సర్పద్వీపంలో మా గురువు కరాళదంష్ట్రుడు నూరేళ్ళుగా తోట కావాలని నన్ను వేపుకు తింటున్నాడు. నిన్ను ఆయనకు గురుదక్షిణగా ఇచ్చేస్తాను. ఆయనకు మొసళ్ళు ఐదు చాలవు!"

"రాకుమారీ! ఊరికి వెళ్ళిపోండి!" అన్న పున్నాగుడి కేక మబ్బుల్లో సన్నగిల్లిపోయింది.

మృణాళిని తలపాగా తీసి విసిరేసింది. మీసం పీకేసింది. ఏడుగురు వృద్ధులూ గబగబా మోకరిల్లారు. అందరిలోకీ పెద్దాయన చేతులు జోడించి, "అమ్మా, తల్లీ, నది మీ వెంట వస్తోంది. ఊరంతా ఎదురొచ్చి హారతులు పడుతుంది. పదండి, మేమూ వస్తాం" అన్నాడు.

"మీరు వెళ్ళండి తాతగారూ. పయస్విని వచ్చేసిందని, నేను క్షేమంగా ఉన్నానని నాన్నగారికి చెప్పండి. సర్పద్వీపం ఎటు?"

పెద్దాయన తూర్పు సముద్రం వైపు చూపించాడు. "అటు వెళ్ళినవాళ్ళు తిరిగిరారమ్మా."

కొండ కింద ఎండిన ఇసుక మీద నీళ్ళు తళతళలాడుతూ ఊరి వైపు పాకుతున్నాయి. ఎక్కడో రేవులో జనం కేరింతలు కొడుతున్నట్టు వినిపించింది. మృణాళిని అటు ఒక్కసారి కళ్ళారా చూసుకుంది. ఆ తరవాత గుర్రం మీది సామానంతా దింపేసి, ఎగిరి కూర్చుని, కళ్ళేన్ని తూర్పుకు తిప్పింది.